శాలువా లేని గురువారాలు: ఒక విశ్వవిద్యాలయ రచనా కేంద్రం కేస్ స్టడీ

మా కేంద్రానికి పిలిచిన మొదటి రచయిత తన కథ చదివింది 11 నిమిషాలు. వీడియో ఉంది కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. సభ మాత్రం రెండు గంటల పైన నడిచింది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, పేరుపేరునా వేదిక మీదికి ఆహ్వానం, పుష్పగుచ్ఛాలు, స్వాగత వచనాలు, అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి (చివరి ఇద్దరికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు). రచయిత మైకు ముందుకు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. రెండింటికి మెస్ మూస్తారు. వెనక వరుసలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే ఆయన కథ మధ్యలో ఆపి, "మిగతాది పుస్తకంలో చదువుకోండి" అని నవ్వి కూర్చున్నారు. ఆ తర్వాత శాలువా, పెంబర్తి ఇత్తడి జ్ఞాపిక, వందన సమర్పణ. ఆ కథ ముందే చదివినవాళ్లు ఎవరని మర్నాడు క్లాసులో అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. నిజానికి నా చెయ్యి కూడా లేవకూడదు. నేను చదివింది ఆయన మీద వచ్చిన పరిచయ వ్యాసం.

అది 2022 చివర. ఆ సభ నుంచి బయటపడడానికి తర్వాత మూడేళ్లు ఏం చేశామో, ఎక్కడ దెబ్బ తిన్నామో రాస్తున్నాను. వరంగల్, హన్మకొండల్లో విశ్వవిద్యాలయాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. మాది ఏదో చెప్పను. ఇందులో మా లోపాలూ ఉన్నాయి, వాటిని పేరు పెట్టి చెప్పడానికి మావాళ్లందరినీ నేను అడగలేదు.

గది, మనుషులు

కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒకప్పుడు పాత జవాబు పత్రాల కట్టలు పెట్టిన గది. రెండు ఫ్యాన్లు, ఒక బీరువా, 30 కుర్చీలు. దానికి సిలబస్ లేదు, మార్కులు లేవు. రావాలనుకున్న వాళ్లు వస్తారు. తెలుగు ఎం.ఏ. పిల్లలతో పాటు కామర్స్, బాటనీ, ఫార్మసీ వాళ్లు కూడా. సగం మంది హాస్టల్. మిగతావాళ్లు పరకాల, నర్సంపేట, జనగామ వైపు నుంచి రోజూ బస్సుకు వచ్చిపోయేవాళ్లు.

ఈ ఊరికి రచయితలు కొత్తకాదు. హన్మకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది. 'సృజన' పత్రిక 1966లో మొదలైంది ఈ ఊళ్లోనే. హాస్టల్ విద్యార్థి మనసులో ఒక్కరోజు నడిచే నవలను 1969లో తెచ్చి, ఆ పుస్తకం పేరే ఇంటిపేరయిన 'అంపశయ్య' నవీన్ గారిదీ ఈ ప్రాంతమే. అయితే ఊళ్లో సాహిత్యం సభల్లోనో పత్రికల్లోనో ఉంటుంది, విశ్వవిద్యాలయంలో ప్రశ్నపత్రంలో ఉంటుంది. రాస్తున్న పిల్లవాడు రాస్తున్న మనిషి పక్కన కూర్చునే చోటు మాత్రం మా ఆవరణలో లేదు. కేంద్రం పెట్టింది అందుకు. పెట్టి, మొదటి రోజే దాన్ని కూడా సభ చేసేశాం.

విశ్వవిద్యాలయంలో రచన నేర్పడం అనగానే అందరూ చెప్పేది అమెరికాలో 1936లో మొదలైన ఐయోవా రైటర్స్ వర్క్‌షాప్. అక్కడ నుంచి ప్రపంచమంతా పాకిన పద్ధతి ఒకటుంది: ఒకరు రాసింది మిగతావాళ్లు చర్చిస్తుంటే రాసినవాళ్లు నోరు మెదపకుండా వినాలి. నేనూ దాన్ని మూడు వారాలు నడిపి చూశాను. సీనియర్లు మాట్లాడుతుంటే తలవంచుకుని మౌనంగా కూర్చోవడం మా హాస్టల్ పిల్లలకు వేరే సందర్భంలో బాగా తెలుసు. నాలుగో వారం ఇద్దరు రావడం మానేశారు. ఆ నియమం తీసేశాను.

పుస్తకం ముందు రావాలి

మేం చేసిన మార్పుల్లో పనికొచ్చింది నిజానికి ఒక్కటే. రచయిత కంటే రెండు వారాల ముందు రచన రావాలి. తక్కినవన్నీ దాని తోకలు.

రెండు కథలు ఎంచి పిల్లలకు ఇస్తాం. మొదట్లో జిరాక్స్ కాపీలు పంచాం. బోధనలో భాగంగా ఉపాధ్యాయులు, విద్యార్థులు రచనలను ప్రతి తీసుకోవడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్స్ షాపు మీద వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ వెసులుబాటు వైపే నిలబడింది. కాబట్టి తప్పేం కాదు. కానీ తెలుగు కథకుడి సొంత ఖర్చుతో అచ్చయిన పుస్తకాన్ని జిరాక్స్ తీసి, ఆ కాపీల మధ్యనే ఆయన్ను కూర్చోబెట్టడం ఎట్లుంటుందో ఒకసారి చూశాను. ఆయన ఏమీ అనలేదు. తన పుస్తకాల సంచి మాత్రం విప్పలేదు. అప్పటి నుంచి పిలిచిన ప్రతి రచయితవీ 10 పుస్తకాలు డబ్బిచ్చి కొంటున్నాం. ముగ్గురికో పుస్తకం, చేతులు మారుతూ తిరుగుతుంది.

పఠనానికి వచ్చే ప్రతి ఒక్కరూ ఆ కథలో తమను ఆపిన ఒక్క వాక్యం చేత్తో రాసుకురావాలి. ఒక ప్రశ్న కూడా. "మీకు రాయాలనే ప్రేరణ ఎలా కలిగింది" అనే ప్రశ్న మాత్రం నిషేధం. దానికి రచయితలందరి జవాబూ ఒకటే, అందరమూ వినేసి ఉన్నాం.

వేదిక లేదు. రచయిత అందరి మధ్యా కుర్చీలో కూర్చుని 40 నిమిషాలు చదవాలి. పరిచయం మూడు వాక్యాలు, అవీ ఒక విద్యార్థి చెప్పాలి. ఇదేం మేం కనిపెట్టింది కాదు. సాహిత్య అకాడెమీ వాళ్ల కథాసంధి, కవిసంధి కార్యక్రమాల్లోనూ ఉండేది ఒక్క రచయిత, ఆ రచయిత రచన, తర్వాత మాటామంతీ. మాకు కష్టమైంది పద్ధతి కాదు, మర్యాద. శాలువా కప్పకపోతే అవమానించినట్టని పెద్దలు ఇద్దరు గట్టిగానే అన్నారు. వాళ్లది పూర్తిగా తప్పని నేననను, బయటి ఊరి నుంచి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపలేం. మధ్యే మార్గంగా కొత్తవాడ నేత కార్మికులు నేసిన చిన్న జంపఖానా ఇస్తున్నాం. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి కాగితాల మీద రాసుకోవడానికీ గౌరవంగా ఉంది. శాలువాలు బీరువాలో మూలుగుతాయి, జంపఖానా మీద కూర్చోవచ్చు.

సమయం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ సగం విజయం అక్కడే ఉంది. నెలలో రెండో, నాలుగో గురువారం, మూడు గంటల నుంచి నాలుగున్నర. శుక్రవారం పెడితే ఊళ్లకు పోతారు. భోజనం కాగానే పెడితే నిద్ర. ఐదు దాటితే పల్లెవెలుగు బస్సుల గాబరా, ఆరింటికి అమ్మాయిల హాస్టల్ గేటు. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలయ్యాక ఊళ్ల నుంచి వచ్చే అమ్మాయిలు ఇంకో అరగంట ఉండగలిగారు. అంతకు ముందు పాసు చెల్లే బస్సు పోతే ఇబ్బంది. ఇప్పుడు ఏది ముందొస్తే అది, పల్లెవెలుగయినా ఎక్స్‌ప్రెస్సయినా.

సముద్రం కొట్టేసిన రోజు

2023 ఆగస్టులో సిరిసిల్ల వైపు నుంచి ఒక కథకురాలు వచ్చారు. ఆమె చదివింది పన్నెండేళ్ల కిందటి తన కథ, మరమగ్గాల వాడలో జరిగేది. సగంలో ఒక వాక్యం దగ్గర ఆగారు. ఆ వాక్యంలో బీడీలు చుట్టే ఒకామె కళ్లలో "సముద్రమంత దుఃఖం" ఉంటుంది.

"సముద్రం ఎక్కడి నుంచి వచ్చిందమ్మా ఈడికి?" అని తనే అడిగారు. "ఆమె సముద్రం చూడలే. అప్పటికి నేనూ చూడలే. పుస్తకాలల్ల చూసి పెట్టిన." సంచిలోంచి పెన్సిల్ తీసి ఆ ముక్క కొట్టేసి, సముద్రం లేకుండా వాక్యం మళ్లీ చదివారు. బాగాలేదు. ఆమెకూ తెలిసింది, "ఇప్పుడు బోసిగున్నది. ఇంటికి పోయి చూస్త" అని ముందుకు సాగారు.

ఆ 40 నిమిషాల్లో పిల్లలకు బాగా గుర్తుండిపోయింది ఆ పెన్సిలే. అచ్చయిన అక్షరాన్ని కొట్టేయవచ్చని వాళ్లకు అంతవరకూ తెలియదు. మా క్లాసులో అచ్చయిందంటే సందర్భసహిత వ్యాఖ్యకు పనికొచ్చేది మాత్రమే. నేను ఒక సెమిస్టరంతా 'తిరగరాయడం' గురించి చెప్పిన పాఠాలకు ఇంత బలం లేదు. ఒప్పుకోవడానికి కొంచెం కష్టంగానే ఉంది.

ప్రశ్నల సమయంలో మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి వచ్చిన అమ్మాయి లేచింది. "మేడం, మా ఇంట్ల తెలుగు మాట్లాడరు. నేను ఏ భాషల రాయాలె?"

ఆమె ఎదురు ప్రశ్న వేశారు. "మీ అమ్మకు కోపమొస్తే ఏ భాషల తిడ్తది?"

"గోర్‌బోలిల." లంబాడీల భాష అది.

"ఆ తిట్టు అట్లనే రాయి. తక్కినది నీ ఇష్టం."

గదంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు, నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఆ అమ్మాయి అంతకు ముందు నెలలో నాకిచ్చిన రచన ఇట్లా మొదలయ్యేది: "మా మాతృమూర్తి ప్రతిదినము సూర్యోదయమునకు పూర్వమే మేల్కొని మిర్చి తోటలో కఠోర శ్రమ చేయుచుండును. ఆమె కష్టము వర్ణనాతీతము." వ్యాసరచన పోటీల్లో బహుమతులొచ్చే భాష ఇది. పాపం, పదో తరగతి దాకా ఆమెకు బహుమతులు తెచ్చింది కూడా ఇదే.

మర్నాడు ఉదయం కథకురాలు మరో రెండు గంటలు ఉండి ఆరుగురి రచనలు చూశారు. మేం ఎవరిని పిలిచినా ఈ మర్నాటి ఉదయం కూడా అడుగుతాం. పఠనం లేని మర్నాడు వట్టి ట్యూషన్ అవుతుంది, మర్నాడు లేని పఠనం మళ్లీ సభ అవుతుంది. ఆమె ఈ అమ్మాయిని ఒక్కటే అడిగారు: వర్ణించలేనంత కష్టమంటున్నవు గదా, చేతులకు ఏమైతది? మిరపకాయలు ఏరినంక చేతులకు ఏమైతదో చెప్పు.

మూడు వారాల తర్వాత వచ్చిన డ్రాఫ్టు ఇది: "మిర్చి ఏరే కాలంల యాడి నన్ను ముట్టుకోదు. ఎన్నిసార్లు కడిగినా ఘాటు పోదు. నా తల దువ్వాలంటే మోచేతితోని దగ్గరికి గుంజుకొని, దువ్వెన కొసకు పట్టుకొని దువ్వుతది."

ఏనుమాముల మార్కెట్‌కు సీజన్‌లో వేల బస్తాల మిర్చి వస్తుంది. ఆ రోడ్డున పోతే మాస్కు పెట్టుకున్నా తుమ్ములాగవు. నేను ఏళ్ల తరబడి ఆ దారిన పోయేవాణ్నే. ఆ దువ్వెన సంగతి నాకు తెలియదు.

ఇక నేను చేసిన పని. ఎర్ర పెన్ను తీసి "కాలంల"ను "కాలంలో" చేశాను. "దువ్వుతది"ని "దువ్వుతుంది" చేశాను. "యాడి" పక్కన బ్రాకెట్లో "అమ్మ" అని పెట్టాను. అమ్మాయి మారు మాట్లాడకుండా అట్లాగే తిరగరాసింది. ఆ ప్రతిని వాట్సాప్‌లో పంపితే కథకురాలి నుంచి జవాబు: "మధ్యల ఎవరిదో చెయ్యి పడ్డది." ఏటా సెప్టెంబరు 9న, కాళోజీ పుట్టినరోజున, తెలంగాణ భాషా దినోత్సవం చేస్తాం. బడిపలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్న ఆయన మాట ఫ్లెక్సీ మీద వేయిస్తాం. నేను ఎర్ర పెన్ను పట్టింది ఆ ఫ్లెక్సీ దించిన వారానికే.

ఆ తర్వాత పెట్టుకున్న నియమం: మొదటి రెండు డ్రాఫ్టుల మీద నేను ఏమీ రాయను. ప్రశ్నలు నోటితో అడుగుతాను. అక్షరదోషాలు చివర్లో.

వంత

వచన కథను 40 నిమిషాలు వినడం మావాళ్లకు అలవాటు లేదు. కవి అయితే పాడతాడు, చప్పట్లు పడతాయి, మళ్లీ పాడతాడు. కథకుడికి ఆ ఊతం లేదు. ఇరవై నిమిషాలకు ఫోన్లు బయటికొస్తాయి. కానీ ఇదే పిల్లలు ఊళ్లో బీరప్ప కథో మల్లన్న కథో ఒగ్గు కథగా నడుస్తుంటే తెల్లవార్లూ కూర్చున్నవాళ్లు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య గారి కథ విన్నామని చెప్పే పెద్దలు వాళ్ల ఇళ్లల్లోనే ఉన్నారు. మరి తేడా ఎక్కడుంది?

డోలు, తాళాలు పక్కన పెడితే నాకు కనిపించింది వంత. ఒగ్గు కథకుడు ఒక్కడే చెప్పడు. పక్కవాడు అందుకుంటాడు, ఎదురు మాట వేస్తాడు, "అట్లనా" అంటాడు. వింటున్న జనం తరఫున ఒక మనిషి కథలోపలే ఉంటాడన్నమాట.

దాన్ని పట్టుకుని ఒక ప్రయోగం చేశాం. రచయిత పక్కన ఒక విద్యార్థి కూర్చుని సంభాషణల్లో ఒక పాత్ర మాటలు చదవాలి. ముందురోజు ఫోన్లో అరగంట సాధన. నాలుగు పఠనాల్లో చేస్తే రెండింట్లో గది బిగుసుకుని వింది. ఒకదాంట్లో మా వంత కుర్రాడు రచయిత కంటే బాగా చదివి, అందరూ అతన్నే చూశారు. రచయిత మంచివారు, ఆయనా అతన్నే చూశారు. నాలుగో రచయిత మాత్రం సగంలో ఆపి, "నా కథ నేను చదువుకుంటా బాబూ" అన్నారు. ఆయన కథలో సంభాషణలన్నీ ఒకే మనిషి జ్ఞాపకంలోవి. రెండు గొంతులతో చదివితే కథే మారిపోతుంది. తప్పు ఆయనది కాదు, కథ చూడకుండా పద్ధతిని అంటించిన నాది. ఇప్పుడు రచయితను అడిగి, కథ ఒప్పుకుంటేనే వంత.

2024 ఫిబ్రవరి 22

రెండో, నాలుగో గురువారం అని క్యాలెండర్ నింపి ఏడాది మొదట్లోనే రచయితలకు తేదీలు ఇచ్చేశాను. ఫిబ్రవరి 22 నాలుగో గురువారం. మేడారం జాతర 21 నుంచి 24 వరకు. అంటే నేను పఠనం పెట్టింది సమ్మక్క గద్దె మీదికి వచ్చే రోజున.

వరంగల్‌లో ఉంటూ ఈ పొరపాటు ఎవరైనా చేస్తారా అంటే, చేశాను. రచయిత ఉత్తరాంధ్ర నుంచి వచ్చి కాజీపేటలో దిగారు. ఆయనకు జాతర సంగతి తెలిసే అవకాశం లేదు, చెప్పాల్సింది నేను. ఊళ్లోని బస్సులన్నీ ములుగు దారిలో ఉన్నాయి. గదిలో ఆయన, నేను, అటెండర్, ఊరికి పోలేక హాస్టల్లో మిగిలిపోయిన ఒక ఆదిలాబాద్ కుర్రాడు. చదవమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన కూడా చదవలేదు. ఆ ముగ్గురికైనా చదివి ఉంటే గొప్పగా ఉండేదని తర్వాత ఎవరో అన్నారు. నాకట్లా అనిపించదు. రెండు వారాలు కథ చదివి వచ్చినవాళ్లకు చదవడానికి ఆయన అంత దూరం వచ్చారు, వాళ్లు లేరు. టీ తాగి, సాయంత్రం బండికి కాజీపేటలో ఎక్కించి వచ్చాను.

కార్యక్రమం జరగలేదు కాబట్టి బిల్లు పెట్టే వీల్లేదు. గౌరవ పారితోషికం నా జేబులోంచి వెళ్లింది. ఇప్పుడు తేదీలు వేసేముందు జాతర, బతుకమ్మ, ఇంటర్నల్ పరీక్షలు, మిర్చి ఏరే కాలం, నాలుగూ చూస్తాను. నాలుగోది చెప్పింది ఆ తండా అమ్మాయే: "ఫిబ్రవరి, మార్చిల మేం రాము సార్, ఏరబోతం."

డబ్బు, రికార్డింగు

డబ్బు గురించి తొందరగా చెప్పేస్తాను, చెప్పినకొద్దీ కోపం వస్తుంది. పుష్పగుచ్ఛాలు, ఫ్లెక్సీ, శాలువాలు, అతిథుల భోజనాలు తీసేస్తే ఒక సభ ఖర్చులో రెండు పఠనాలు అవుతున్నాయి, పుస్తకాలు కొనడంతో సహా. అసలు బాధ ఖర్చు కాదు, ఆలస్యం. పాన్ కార్డు, పాస్‌బుక్ మొదటి పేజీ, రెవెన్యూ స్టాంపు మీద సంతకం, ప్రయాణం టికెట్ అసలు ప్రతి. ఇవన్నీ ఇచ్చి, ఉగాదికి చదివిపోయిన ఒక రచయితకు బతుకమ్మ పండుగకు డబ్బులు పడ్డాయి. మధ్యలో ఆయన ఒక్కసారీ ఫోన్ చేయలేదు, అదే ఎక్కువ సిగ్గు. ఇప్పుడు పిలిచేటప్పుడే ఎన్ని నెలలు పట్టొచ్చో చెప్పేస్తున్నాను. ఇద్దరు రాలేమన్నారు. న్యాయమే.

రికార్డింగు మొదట్లో పట్టించుకోలేదు. అరిజోనా విశ్వవిద్యాలయంలో 1960లో పెట్టిన పొయెట్రీ సెంటర్ తన పఠనాల రికార్డులను 1963 నాటివి మొదలుకుని దాచి, ఎవరైనా వినేలా ఉంచింది. మా మొదటి ఏడాది పఠనాలు ఫోన్‌లో ఉన్నాయి, వాటిలో ఫ్యాన్ చప్పుడు, టీ కప్పుల చప్పుడు, వాటి అడుగున ఎక్కడో కథ. పఠనం మధ్యలో టీ ఇవ్వడం ఆపాం. ఒక కాలర్ మైకు కొన్నాం. చదివే ముందు ఒక్క పేజీ అనుమతి పత్రం: మా గదిలో వినడానికి మాత్రమే, బయట పెట్టాలంటే మళ్లీ అడుగుతాం. సిరిసిల్ల కథకురాలు సముద్రం కొట్టేసిన రికార్డు ఉంది. అది మాత్రం ఎవరికీ ఇవ్వొద్దన్నారామె. వాక్యం ఇంకా కుదరలేదట.

ఇప్పుడు

2024 నవంబరులో హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం తెరిచాక, పఠనాలను అక్కడికి మార్చమని సలహాలొచ్చాయి. భవనం బాగుంది, నాటకాలకు, పెద్ద సభలకు ఊరికి అవసరం కూడా. పెన్సిల్ శబ్దం వినిపించే గది కాదు అది. మేం జవాబు పత్రాల గదిలోనే ఉన్నాం.

మొదటి ఏడాది వచ్చిన 19 మందిలో ఇప్పటికీ రాస్తున్నవాళ్లు ఐదుగురు. గ్రూప్స్ కోచింగ్‌కు పోయినవాళ్లు, పెళ్లిళ్లయినవాళ్లు, నాకు ఫోన్ ఎత్తనివాళ్లు తక్కిన వాళ్లు. దీన్ని గెలుపంటారో కాదో లెక్కలడిగే కమిటీకి ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. హాజరు సంఖ్య రాసి పంపాను.

తండా అమ్మాయి బి.ఇడి.కి వెళ్లింది. కథ ఇంకా ఎక్కడా పంపలేదు, ఆరో డ్రాఫ్టు నడుస్తోంది. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు వాళ్లమ్మకు చదివి వినిపించిందట, తెలుగు ముక్కలను అప్పటికప్పుడు గోర్‌బోలిలోకి మారుస్తూ. దువ్వెన దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఆపి, మోచేతితో కాదు, మణికట్టుతో అన్నదట. ఫోన్ చేసి అడిగింది: "సార్, మార్చాల్నా?"

నేను చెప్పలేదు. కథకురాలి నంబరు ఇచ్చాను.